ఒకే ధరకి 320డి, 520డి: ఏది తీసుకోమంటారు?

మిల్టన్ కీన్స్ నుంచి:

అందరికీ నమస్కారం. యూకే వచ్చి ఐదు నెలలైంది. ఇన్నాళ్లూ బస్సులతో, టాక్సీలతో నెట్టుకొచ్చాను. మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. ఈలోపు కారు కొనాలని రెండు చూసిపెట్టుకున్నాను. రెండూ బీఎండబ్ల్యూలే, రెండూ డీజిల్ ఆటోమేటిక్‌లే. ఒకటి 2016 320డి, 82,000 మైళ్లు, డీలర్ దగ్గరుంది. రెండోది 2014 520డి, 1,04,000 మైళ్లు, ఒక పెద్దాయన సొంతంగా అమ్ముతున్నాడు. ధరలో తేడా రెండు వందల పౌండ్లే. అదే డబ్బుకి పెద్ద కారు వస్తుంటే చిన్నది ఎందుకు తీసుకోవాలి అనిపిస్తోంది.

ఇంట్లో నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. ఆఫీసు ఐదు మైళ్లు, వారానికి మూడు రోజులు. నెలకి ఒకటి రెండుసార్లు హారోలో ఉన్న మా అక్కావాళ్లింటికి వెళ్లొస్తాం. ప్రస్తుతానికి ఇండియా లైసెన్సే ఉంది. ఇక్కడ కార్ల గురించి నాకు ఏమీ తెలీదు, కాస్త చెప్పండి.

రెడింగ్ నుంచి:

తమ్ముడూ, "అదే డబ్బుకి పెద్ద కారు" అన్నావు చూడు, నేనూ వచ్చిన కొత్తలో సరిగ్గా అక్కడే పడ్డాను. పెద్ద కారు అదే ధరకి ఎందుకొస్తోంది? రెండేళ్లు పాతది, ఇరవై రెండు వేల మైళ్లు ఎక్కువ తిరిగింది, అందుకు. కొనేటప్పుడు మనం పాత కారు ధరే ఇస్తాం. కానీ టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ మార్చే రోజున ఆ విడిభాగాలకి మన కారు వయసు తెలీదు. అవి పెద్ద కారు ధరకే వస్తాయి.

ఇంకో సంగతి. 5 సిరీస్ అంటే పెద్ద ఇంజిన్ అనుకోకు. ఈ రెంటిలోనూ బానెట్ కింద ఉండేది ఒకే కుటుంబానికి చెందిన రెండు లీటర్ల ఇంజిన్. 520డిలో అది ఇంకాస్త బరువు లాగుతుంది, అంతే తేడా. అందుకని సైజు సంగతి తర్వాత, ముందు ఏ ఇంజినో చూడు. పాతదాన్ని ఎన్47 అంటారు, దాని తర్వాత వచ్చింది బీ47. 520డిలో ఈ మార్పు 2014 మధ్యలో జరిగింది, 320డిలో 2015లో. నువ్వు చూసిన 320డి 2016ది కాబట్టి దాంట్లో కొత్తదే ఉండాలి. 520డి 2014లో ఏ నెలది? పీటముడి అంతా అక్కడే ఉంది. 184 హార్స్‌పవర్ అని ఉంటే పాత ఇంజిన్, 190 అని ఉంటే కొత్తది.

పాతదానితో చిక్కులు రెండు. మొదటిది టైమింగ్ చెయిన్. అది ఇంజిన్‌కి వెనకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. తెగితే ఇంజిన్ పోయినట్టే. తెగకముందే మారుద్దామన్నా ఇంజినో గేర్‌బాక్సో కిందికి దించాలి, చెయిన్ ఖరీదు కంటే కూలి తడిసి మోపెడవుతుంది. ఈ గొడవ ఎక్కువగా 2007 నుంచి 2011 దాకా వచ్చిన కార్లది, 2014 నాటికి చాలా తగ్గింది. కొత్త ఇంజిన్‌లోనూ చెయిన్ వెనకే ఉంటుంది కాబట్టి ఏదైనా సరే ఆయిల్ సరిగ్గా మార్చారా లేదా అన్నదే అడుగు. కారు స్క్రీను పద్దెనిమిది వేల మైళ్ల దాకా ఆగమని చెప్తుంది. దాని మాట వినకుండా పదివేలకో ఏడాదికో మార్చినవాడి కారు దొరికితే కళ్లకద్దుకుని తెచ్చుకో.

రెండో చిక్కు మీ అక్కగారి ఇల్లు. హారో 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్లకి లండన్‌లో డబ్బు వసూలు చేసే ప్రాంతం) లోపలికొచ్చింది. డీజిల్ అయితే యూరో 6 (పొగ మీద పెట్టిన పరిమితుల్లో యూరో 5 తర్వాతది) ఉండాలి, లేకపోతే లోపల నడిపిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు. లెక్క అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. శనివారం వెళ్లి పడుకుని ఆదివారం తిరిగొస్తే రెండు రోజుల డబ్బు. కొత్త కార్లన్నిటికీ యూరో 6 తప్పనిసరి అయింది 2015 సెప్టెంబరు నుంచి. అంతకుముందువి కొన్ని యూరో 6, చాలావరకు యూరో 5. అమ్మేవాడి నోటిమాట వద్దు, లండన్ రవాణా సంస్థ సైటులో నంబరు ప్లేటు కొడితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

బర్మింగ్‌హామ్ నుంచి:

అన్నగారు చెప్పినవన్నీ నిజమే, కానీ అసలు డీజిల్ ఎందుకండీ? ఐదు మైళ్ల ఆఫీసుకి ఇంజిన్ వేడెక్కేలోపే పార్కింగ్ వచ్చేస్తుంది. డీజిల్ కారుకి ఎగ్జాస్టులో డీపీఎఫ్ అని ఒక ఫిల్టరు ఉంటుంది, మసిని పట్టుకుంటుంది. నిండాక ఆ మసిని తనే కాల్చుకోవాలి. దానికి బాగా వేడి కావాలి, అంటే పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా మోటర్‌వే మీద పోవాలి. సగంలో ఇంజిన్ ఆపేస్తే కాల్చుడు సగంలోనే ఆగిపోతుంది. అలా పదేపదే జరిగితే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. చెయిన్‌కి అదే విషం.

నా మొదటి డీజిల్‌కి రెండేళ్లలో డీపీఎఫ్ మూసుకుపోయింది. స్కూలుకీ సూపర్‌మార్కెట్‌కీ తప్ప ఎక్కడికీ తీసుకెళ్లలేదు కాబట్టి తప్పు నాదే. ఒక మెకానిక్ "తీసి పారేస్తే సరిపోతుంది, చవక" అన్నాడు. అస్సలు ఒప్పుకోకండి. 2014 ఫిబ్రవరి నుంచి ఫిల్టరు లేకపోతే ఎంఓటీ (ఏటా చేయించాల్సిన కారు తనిఖీ) ఫెయిల్. ఎవరైనా ఇప్పటికే పీకేసిన కారు మీకు అంటగట్టొచ్చు కూడా.

మీకు నెలకి రెండుసార్లు ఎం1 మోటర్‌వే మీద గంట ప్రయాణం ఉంది కాబట్టి పూర్తిగా కాదనను. కానీ ఆ రెండు ట్రిప్పులూ ఎగ్గొట్టిన నెలలో ఊరికే అరగంట మోటర్‌వే ఎక్కి దిగాలి. ఆ ఓపిక లేకపోతే పెట్రోలు చూసుకోండి. ఎప్పుడైనా మా ఊరొస్తే, ఇక్కడ సిటీ మధ్యలో కూడా యూరో 6 కాని డీజిల్‌కి రోజుకి 8 పౌండ్లు.

లెస్టర్ నుంచి:

ఇంజిన్లు మీరు చూసుకోండి, నేను వెనక సీటు గురించి చెప్తాను. గత వేసవిలో మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు నేర్చుకున్న పాఠం ఇది.

మీరు ఐదుగురు. ముందు ఇద్దరు, వెనక పాప సీటు, పక్కన ఇద్దరు. పాపకి పన్నెండేళ్లో 135 సెంటీమీటర్ల ఎత్తో వచ్చేదాకా చట్టం ప్రకారం పిల్లల సీటు ఉండాలి. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉండేది కిటికీల పక్కనున్న రెండు సీట్లకే. అంటే మీ అమ్మగారో నాన్నగారో మధ్యలో కూర్చోవాలి. ఈ రెండు కార్లూ వెనక చక్రాల మీద నడిచేవి, మధ్యలో కాళ్ల దగ్గర పెద్ద దిమ్మె ఉంటుంది. 5 సిరీస్‌లో మోకాళ్లకి చోటు నిజంగానే ఎక్కువ, కానీ దిమ్మె మాత్రం పోదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని దాని మీద గంటసేపు కూర్చోబెట్టి చూడండి, హారో దాకా కాదు, దారిలో ఉన్న వాట్‌ఫర్డ్ దాకా కూడా రారు. మేమేం చేశామంటే మామగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి నేనే దిమ్మె మీద కూర్చున్నాను. మీ ఆవిడని ఇప్పుడే అడిగి పెట్టుకోండి!

డిక్కీ గురించి కూడా ఆశపడకండి. చిన్నదానికి 480 లీటర్లు, పెద్దదానికి 520. నలభై లీటర్లంటే ఒక చిన్న బ్యాగు. ఇండియా నుంచి వచ్చే నాలుగు పెద్ద పెట్టెలూ రెంటిలోనూ పట్టవు. ఎయిర్‌పోర్టు రోజున ఎలాగూ పెద్ద టాక్సీయే.

ఇంకోటి, మీ పార్కింగ్ కొలిచారా? ఇక్కడ మామూలుగా గీసే పార్కింగ్ గడి 4.8 మీటర్ల పొడవు, 2.4 వెడల్పు. 520డి పొడవు 4.9. గడిలోంచి ముక్కు బయటికొస్తుంది. 320డి 4.6 చిల్లర, లోపలే ఉంటుంది. వెడల్పులో తేడా ఐదు సెంటీమీటర్లే గానీ, పక్కన ఇంకో పెద్ద కారుంటే పాపని సీట్లోంచి దించేటప్పుడు ఆ ఐదూ కావాలి.

మిల్టన్ కీన్స్ నుంచి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రంతా నంబరు ప్లేట్లు కొట్టి చూస్తూనే ఉన్నాను. 520డి 2014 నవంబరుది, 190 హార్స్‌పవర్, యూలెజ్ సైటులో డబ్బు కట్టక్కర్లేదనే వచ్చింది. 320డికి కూడా అంతే.

తర్వాత ప్రభుత్వ సైటులో ఎంఓటీ చరిత్ర చూశాను, అది ఉచితమని తెలీనే తెలీదు. 520డికి ఏటా మైళ్లు సమంగా పెరిగాయి, ఏడాదికి పదివేల లోపే. ఒకసారి వెనక స్ప్రింగు విరిగి ఫెయిలైంది, మర్నాడే బాగుచేసి పాసయ్యాడు. 320డికి ఫెయిల్ అన్నదే లేదు, కానీ రెండేళ్లు వరసగా "వెనక టైర్లు అరిగాయి, ముందు బ్రేకు డిస్కులు అరిగాయి" అని అవే హెచ్చరికలు ఉన్నాయి. ఇంకా సర్వీసు రికార్డు అడిగితే డీలర్ "అన్నీ కంప్యూటర్లో ఉంటాయి సార్" అంటున్నాడు, చూపించట్లేదు. ఇప్పుడు టెన్షన్ ఎక్కువైంది, తగ్గలేదు.

బీమా కూడా చూశాను. రెండింటి మధ్య తేడా వంద పౌండ్ల చిల్లర. కానీ ఏదైనా సరే రెండు వేలకి పైనే!

రెడింగ్ నుంచి:

బీమా అంత రావడానికి కారణం కారు కాదు, నీ లైసెన్సు. ఇండియా లైసెన్సు మీద ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి పన్నెండు నెలలే నడపొచ్చు, దాన్ని నేరుగా మార్చివ్వరు. ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) తీసుకుని, థియరీ రాసి, ప్రాక్టికల్ పాసవ్వాలి. నీకు ఇప్పటికే ఐదు నెలలు అయిపోయాయి. టెస్టు తేదీలు అంత సులువుగా దొరకవు, ప్రొవిజనల్‌కి ఈ రాత్రే అప్లై చెయ్యి. ఆటోమేటిక్ కారుతో పాసైతే ఆటోమేటిక్‌కే లైసెన్సు ఇస్తారు, నీకు దాంతో ఇబ్బందేమీ లేదు.

ఇక ఎంఓటీ సంగతి. ఫెయిలై మర్నాడే బాగుచేసుకున్నవాడు మంచివాడు. ఫెయిలవ్వకుండా అవే హెచ్చరికలు రెండేళ్లు మోసుకొచ్చినవాడు ఆయిల్ కూడా అలాగే మార్చి ఉంటాడు. నీ చోట నేనుంటే ఆ 320డిని వదిలేస్తాను, అది చిన్నదని కాదు. ఇంకో 320డి దొరికి, దానికి ఈ పెద్దాయన కాగితాల్లాంటివి ఉంటే, నీ ఐదు మైళ్ల ఆఫీసుకి నేను చిన్నదే తీసుకోమంటాను.

డీలర్ దగ్గర కొంటే ఒక లాభం ఉంది, కాదనను. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం కారులో లోపముంటే ముప్పై రోజుల్లోపు వాపసు ఇవ్వొచ్చు. పెద్దాయన దగ్గర ఆ హక్కు లేదు, ఆయన చెప్పింది అబద్ధమైతే మాత్రం నిలదీయొచ్చు. అందుకే చూడ్డానికి వెళ్లేముందు ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ స్టార్టయినప్పుడు వెనకవైపు నుంచి గరగరమంటూ గొలుసు రాసుకున్న చప్పుడు వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యి. గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడైనా మార్చారా అడుగు. జీవితాంతం అక్కర్లేదని కొందరంటారు, ఆ గేర్‌బాక్సు చేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. లక్షా నాలుగు వేల మైళ్లంటే అది ఎప్పుడో దాటిపోయింది. మార్చలేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమను. 2018లో ఈ డీజిళ్ల ఈజీఆర్ కూలర్‌కి (ఎగ్జాస్టు పొగని చల్లబరిచే భాగం) రీకాల్ వచ్చింది, కూలెంట్ కారి మంటలంటుకునే ప్రమాదం ఉందని. ఈ కారుకి అది వర్తిస్తే పని అయిందో లేదో నంబరుతో చూసుకోవచ్చు, చెయ్యకపోతే ఉచితంగా చేస్తారు.

టైర్లు రన్‌ఫ్లాట్‌లా (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) కాదా చూడు, అవైతే ఖరీదెక్కువ, డిక్కీలో స్టెప్నీ కూడా ఉండదు. కారు మీద ఎవరిదైనా అప్పు మిగిలి ఉందేమో చెక్ చేయించు, నాలుగు డబ్బులు ఖర్చయినా పర్లేదు. వీ5సీ (కారు రిజిస్ట్రేషన్ కాగితం) మీదున్న అడ్రసులోనే కారు చూడు, వేరే చోట కలుద్దామంటే వెళ్లకు. ఆయన కట్టిన రోడ్ ట్యాక్స్ నీకు రాదు, 2014 అక్టోబరు నుంచి కారుతో పాటు బదిలీ కావడం లేదు. నువ్వు కట్టాకే, బీమా మొదలయ్యాకే తాళం తిప్పు. రెండూ 2017 ఏప్రిల్‌కి ముందువి కాబట్టి ట్యాక్స్ కార్బన్ లెక్క ప్రకారం తక్కువే పడుతుంది.

బర్మింగ్‌హామ్ నుంచి:

నేనింకా పెట్రోలే అంటాను.

మిల్టన్ కీన్స్ నుంచి:

శనివారం పదింటికి వెళ్తున్నాను. ఫోన్లో ఇంజిన్ చల్లగా ఉంచమంటే పెద్దాయన నవ్వి, ఆయిల్ మార్చిన బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, కాఫీ తాగుతూ చూసుకో అన్నాడు. మా ఇంటి ముందు కొలిచాను, 5.2 మీటర్లు వచ్చింది. ప్రొవిజనల్‌కి అప్లై చేశాను. దిమ్మె మీద ఎవరు కూర్చోవాలన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు.

లెస్టర్ నుంచి:

వెళ్లేటప్పుడు పాప సీటు తీసుకెళ్లి బిగించి చూడండి, మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టి. రెండో తాళంచెవి ఉందో లేదో అడగడం మర్చిపోకండి.