సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల చేతి బలం: పట్టు కొలిస్తే చాలా?

ప్రశ్న (ఆక్యుపేషనల్ థెరపిస్టు):
ఒకవైపు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంట్లో ఒక పక్క కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలకు శిక్షణకు ముందూ తర్వాతా జమార్ డైనమోమీటరుతో (పిడిని పిండితే బలాన్ని కిలోల్లో చూపే పరికరం) పట్టు బలం కొలుస్తున్నాను. కొందరిలో అంకె బాగానే పెరుగుతోంది గానీ, నీళ్ల జగ్గు ఎత్తి గ్లాసులోకి వంచడం మాత్రం మునుపటిలాగే కష్టంగా ఉంటోంది. పనికి అక్కరకొచ్చే బలాన్ని మీరు ఎలా కొలుస్తున్నారు?

జవాబు (ఫిజియోథెరపిస్టు):
కూర్చుని, మోచేయి 90 డిగ్రీలు వంచి, కొన్ని క్షణాలు ఎంత గట్టిగా పిండగలరన్నదే డైనమోమీటరు చెబుతుంది. జగ్గు ఎత్తాలంటే భుజం నుంచి వేళ్ల దాకా అన్నీ కలిసి పనిచేయాలి; బరువు పడగానే మణికట్టు లోపలికి వంగిపోతే, వేళ్లను ముడిచే కండరాలు వదులై, ఉన్న బలం కూడా పట్టులోకి రాదు. అందుకే నేను ఆ పనినే పరీక్షగా పెడతాను. అదే జగ్గు, అదే బల్ల ఎత్తు ఉంచి, నీళ్లు కొలిచి కొంచెం కొంచెంగా పెంచుతూ, చిందకుండా వంచగలిగిన అత్యధిక బరువును రాసుకుంటాను. నడుము వెనక్కి వాల్చి ఎత్తితే దాన్ని లెక్కలోకి తీసుకోను. ఆపై అందులో సగం బరువుతో 30 సెకన్లలో ఎన్నిసార్లు ఎత్తగలరో చూస్తాను, ఎందుకంటే కొందరు పిల్లలు ఒకసారి ఎత్తగలిగినా త్వరగా అలిసిపోతారు.

జవాబు (మరో థెరపిస్టు):
అలాగని జమార్‌ను పక్కన పెట్టేయనక్కర్లేదు. కండరం బలపడిందా లేదా అన్నది విడిగా తెలియాలి కదా. పిడి అందని చిన్న చేతులకు రబ్బరు బంతిని పిండే విగోరిమీటరు మేలు, కానీ అది ఒత్తిడిని కొలుస్తుంది కాబట్టి దాని అంకెను కిలోలతో పోల్చకూడదు. ఏ పరికరమైనా మూడు ప్రయత్నాల సగటు తీసుకోండి. రోజువారీ పనుల్లో పిల్లలు చేతులను ఎలా వాడతారో ఐదు స్థాయిలుగా చెప్పే మాక్స్‌ను (MACS) పురోగతి కొలమానంగా వాడేవారు కనిపిస్తుంటారు. అది వర్గీకరణ మాత్రమే, కొన్ని వారాల శిక్షణతో వచ్చే మార్పు అందులో తెలియదు. బలహీనమైన చేతిని పిల్లలు తమంతట తాము ఎంతగా వాడుతున్నారో చూడాలంటే అసిస్టింగ్ హ్యాండ్ అసెస్‌మెంట్ ఉంది, అయితే అది బలాన్ని కొలిచేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
రెండు చేతులతో పెట్టె ఎత్తించినప్పుడు బరువంతా మంచి చేతి మీదే పడుతుందేమో?

జవాబు (ఫిజియోథెరపిస్టు):
చాలావరకు అంతే. రెండు పిడులకూ విడివిడిగా బరువును కొలిచే లోడ్ సెన్సర్లు ఉంటే ఏ చేతి వాటా ఎంతో తేలిపోతుంది. అవి లేనప్పుడు ఎదురుగా వీడియో తీసి, పెట్టె ఎటు వాలుతోందో, బలహీనమైన చేతి వేళ్లు పిడిని నిజంగా పట్టుకున్నాయా, లేక అరచేతితో ఊరికే ఆనించి ఉంచారా అన్నది గమనించండి. కానీ ఆ చేతి బలాన్ని అంకెలో రాయాలంటే ఒంటి చేతి పరీక్షే చేయాలి.