బొమ్మల కొలువుకు విడిగా బీమా కావాలా, ఇంటి పాలసీ చాలా?

కొలువు_మెట్లు:
కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు, చేర్యాల మాస్కులు, పాత మట్టి బొమ్మలు, మరపాచి జంటలు (ఆడామగా జతగా ఉండే కొయ్య బొమ్మలు) కలిపి 300 పైనే. మొత్తం విలువ 3 లక్షల దాకా ఉంటుంది. ఇంటి కట్టడానికి 40 లక్షలకు భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంది, సామాన్లకు కూడా తీసుకున్నదే. బొమ్మలూ అందులోనే వచ్చేస్తాయని ఏజెంటు మాట. నమ్మొచ్చా?

పాలసీ_పత్రం:
సగమే నిజమండీ. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ పాలసీలో కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, జాబితా ఇవ్వకపోయినా సామాన్లకు కవరు ఉంటుంది. మీ లెక్కన 8 లక్షలు. కానీ అది మామూలు సామాన్లకే. నగలు, వెండి, పెయింటింగులు, కళాఖండాలు, పురాతన వస్తువులు, క్యూరియోలు (అరుదైన వింత వస్తువులు) ‘విలువైన వస్తువులు’ అనే వేరే ఖాతాలో పడతాయి. వాటికి అదనపు కవరు అడిగి తీసుకోవాలి. అందులో ముందే ఒప్పుకున్న విలువ ప్రకారం చెల్లింపు ఉంటుంది. మొత్తం 5 లక్షలు, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కూడా అడగరు. మీ సేకరణ ఆ హద్దుల్లోనే ఉంది కాబట్టి తీసుకోమనే నా సలహా.

పొనికి_చెక్క:
నేను ఒప్పుకోను. ఆ 300లో ఎక్కువ భాగం ఇవాళ కొండపల్లి వెళ్లినా దొరికేవే. అంగట్లో కొత్తది దొరికే బొమ్మను క్యూరియో అనడం ఏమిటి? అది ఇంటి సామానే. విడిగా రాయాల్సినవి మళ్లీ దొరకని పాతిక ముప్పై మాత్రమే.

అసలు నష్టం పాలసీ ముట్టని చోట జరుగుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొనికి మెత్తటి కర్ర, పుచ్చుపురుగుకు ఇష్టం. పురుగు, చెద, బూజు, రంగు వెలవడం, వీటిలో దేనికీ బీమా రాదు. మెట్ల మీద సర్దుతూ చేయి జారి మట్టి బొమ్మ పగిలినా ఈ పాలసీలో పైసా రాదు. మినహాయించినవి తప్ప అన్ని నష్టాలకూ వర్తించే ఆల్ రిస్క్ పాలసీ తీసుకున్నా పెళుసు వస్తువులు పగలడాన్ని చాలాచోట్ల మినహాయిస్తారు.

ఆ ప్రీమియంతో ముందు పెట్టెలు బాగుచేసుకోండి. ప్రతి బొమ్మకీ ఉతికిన పాత నూలుగుడ్డ చుట్టాలి. పాలిథిన్ వద్దు, తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. ఏటికొప్పాకవి స్లాబుకు ఆనుకున్న అటక మీద పెట్టకండి. ఎండాకాలం లక్క మెత్తబడి చుట్టిన న్యూస్ పేపరు అంటుకుంటుంది, విప్పేసరికి అక్షరాలు బొమ్మ మీదికొస్తాయి. పుచ్చు అనుమానమొస్తే ఆ బొమ్మను దులిపి, తెల్లకాగితం మీద వారం పాటు విడిగా ఉంచండి. కింద మళ్లీ మెత్తటి పొడి రాలితే పురుగు బతికే ఉన్నట్టు.

బుడమేరు_గట్టు:
పొనికి_చెక్క గారూ, పెట్టె ఎంత మంచిదైనా వరదను ఆపదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కొండపల్లి బొమ్మ ఒక్క ముక్కలో చెక్కింది కాదు. తల, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, మీద సున్నం పూసి రంగులేస్తారు. అది నానిందంటే మక్కు వదులుతుంది, కర్ర ఉబ్బుతుంది, సున్నంతో సహా రంగు పెచ్చులుగా లేస్తుంది. ఆరబెట్టినా మునుపటిలా రాదు. వరద, అగ్ని రెండూ పాలసీలో ఉన్నవే. కొలువు రోజుల్లో దీపాలు, సీరియల్ బల్బులు, కాగితం పూలు, పట్టుగుడ్డలు అన్నీ ఒకే చోట ఉంటాయని మరవకండి.

పాలసీ_పత్రం:
దొంగతనం సంగతి ఎవరూ ఎత్తలేదు. భారత్ గృహ రక్షలో అగ్ని, వరద లాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనమే కవరవుతుంది. మామూలు దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరే తీసుకోవాలి. అందులోనూ సాధారణంగా తాళం పగలగొట్టిన ఆనవాలు చూపాలి. ఇంట్లో పనిచేసేవాళ్లు తీశారంటే చాలా పాలసీలు ఒప్పుకోవు. ఇల్లు ఎన్ని రోజులు వరుసగా ఖాళీగా ఉండొచ్చో కూడా చదవండి. పిల్లల దగ్గరికి విదేశం వెళ్లి నెలల తరబడి ఉండేవాళ్లు బీమా సంస్థకు ముందే రాసి తెలపాలి.

ఇంకోటి, జంటలు, సెట్లు. దశావతారాల్లో వామనుడు ఒక్కడు విరిగితే పదిలో ఒక వంతే ఇస్తామనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మరపాచి జంటలో ఒకటి పోతే రెండోది ఒంటరిగా మిగిలినా అంతే. కొనేముందే ఆ షరతు ఉందో లేదో అడగండి.

పాత_కంచు:
పాతవాటి విషయంలో ఒక హెచ్చరిక. 100 ఏళ్లు దాటిన లోహ, రాతి, టెర్రకోట, దంతపు శిల్పాలు, చెక్కిన కొయ్య, పెయింటింగులు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తు సర్వేక్షణ సంస్థ రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాల్సినవి. మట్టి బొమ్మో కొయ్య బొమ్మో అంత పాతదని అనుమానముంటే ముందు అది తేల్చుకోండి, బీమా తర్వాత. ఏనుగు దంతం అమ్మడమే నిషేధం, దానికి మార్కెట్ ధర చూపించి బీమా అడగలేరు.

పొనికి_చెక్క:
వరద విషయంలో బుడమేరు_గట్టు గారి మాట ఒప్పుకుంటున్నా. 300 బొమ్మలనూ విలువైన వస్తువుల్లో రాయించడం మాత్రం ఇప్పటికీ దండగే అంటాను. దొరికేవన్నీ సామాన్ల కింద ఉండనిచ్చి, దొరకనివి జాబితా రాయండి. అంబారీ ఏనుగునే తీసుకుంటే ముందు, పక్క, అడుగు భాగం, తొండం అతుకు, మొత్తం నాలుగు ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి. ఎత్తు, కర్ర, కొన్న ఏడాది, రశీదు లేకపోతే ఇవాళ అలాంటిదానికి అంగడివాళ్లు రాసిచ్చిన ధర. ఆ జాబితా అదే ఇంట్లో బీరువాలో పెడితే నీళ్లలో అదీ పోతుంది, ఈమెయిల్లో ఒక ప్రతి ఉంచండి.

కొలువు_మెట్లు:
అలాగైతే 28 విడిగా తేలాయి, 1.4 లక్షలు. మిగతా బొమ్మలను మామూలు సామాన్లుగానే లెక్కిస్తారా అని బీమా సంస్థకు మెయిల్ పెట్టాను. ఏజెంటు నోటిమాట కాకుండా రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు కడతాను.