ఆఫీసు నుంచి గోడౌనుకు ఫైబర్: సింగిల్ మోడా, మల్టీ మోడా?

ప్రశ్న (గుంటూరు, కోల్డ్ స్టోరేజీ):
మా ఆఫీసు గేటు పక్కన, మిర్చి ఛాంబర్లు బాగా లోపలికి ఉంటాయి. కేబుల్ వెళ్లే దారి కొలిస్తే 180 మీటర్లు వచ్చింది. ఇన్నాళ్లూ మధ్యలో వేబ్రిడ్జి (లారీల కాటా) గదిలో స్విచ్ పెట్టి క్యాట్ 6 రాగి కేబులుతో నెట్టుకొచ్చాం. ఉరుములూ పిడుగులూ వస్తే చాలు, పోర్టులు కాలిపోతున్నాయి. సీజన్లో కాటా బిల్లు రాక రైతులు ఎండలో నిలబడుతుంటే చూడలేకపోతున్నాం. ఫైబర్ (వెలుగుతో సమాచారం పంపే గాజు తీగ) వేయిద్దామంటే ఒకాయన మల్టీ మోడ్ అంటాడు, ఇంకొకాయన సింగిల్ మోడ్ అంటాడు. ఏది మంచిదండీ?

జవాబు (విజయవాడ, నెట్‌వర్క్ పనులు):
సింగిల్ మోడ్‌లో ఓఎస్2 అనే రకం వేయించండి. సింగిల్ మోడ్ అంటే లోపలి గాజు బాగా సన్నగా ఉండి వెలుగు ఒకే దారిన పోయేది, మల్టీ మోడ్ అంటే అది కాస్త లావుగా ఉండి వెలుగు చాలా దారుల్లో పోయేది. మల్టీ మోడ్‌లో ఓఎం3 రకం కూడా 10 గిగాబిట్ వేగాన్ని 300 మీటర్ల దాకా లాగుతుంది, అందుకే ఆయన మాటా తప్పు కాదు. కానీ రేపు ఇంకా ఎక్కువ వేగం కావాలన్నా, దూరం పెరిగినా సింగిల్ మోడ్ అయితే చివర్లలో మాడ్యూళ్లు (స్విచ్‌కు గుచ్చే, సిగ్నల్‌ను వెలుగుగా మార్చే ముక్కలు) మారిస్తే చాలు, కేబుల్ జోలికి పోనక్కర్లేదు. అసలు ఖర్చు గాజు తీగది కాదండీ, కాలువ తవ్వడానిది. రెండు కోర్లు (కేబుల్ లోపలి గాజు పోగులు) సరిపోయినా పన్నెండు కోర్లది తీసుకోండి.

రెండు భవనాల మధ్య రాగి తీగ ఉంటే పిడుగు తాకిడి దాని వెంటే వచ్చి పోర్టును కాలుస్తుంది. గాజులో కరెంటు పారదు కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది. ఎలుకల భయానికి ఆర్మర్డ్ కేబుల్ వేస్తే మాత్రం అందులో ఉక్కు రేకు ఉంటుంది. భవనంలోకి వచ్చే చోటే దాన్ని కోసి ఎర్త్ చేయాలి, ర్యాక్ (స్విచ్‌లు పెట్టే పెట్టె) దాకా రానివ్వకూడదు. కరెంటు లైను వైపు నుంచి వచ్చే తాకిడికి సర్జ్ ప్రొటెక్టర్ విడిగా పెట్టాల్సిందే.

ప్రశ్న:
చాలా థ్యాంక్స్ అండీ. మరి వేబ్రిడ్జి గదికి? ఆ కేబులునే మధ్యలో కోసి ఇస్తానంటున్నాడు కాంట్రాక్టరు.

జవాబు:
వద్దు. అదే కాలువలో ఆఫీసు నుంచి ఇంకో కేబుల్ లాగించండి. కాటా దగ్గర ఏం జరిగినా ఛాంబర్ల లైను ఆగకూడదు.

మరొక సభ్యుడు (గుంటూరు):
మనది నల్లరేగడి నేల అన్నా. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. కేబులును నేరుగా మట్టిలో పూడ్చొద్దు, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో వేయించు. లారీలు తిరిగే చోట ఆ పైపును ఇనుప గొట్టంలోంచి పంపించు. రెండు చివర్లా కొన్ని మీటర్లు చుట్ట చుట్టి వదిలితే రేపు రిపేరుకు పనికొస్తుంది.

జవాబు:
సరిగ్గా చెప్పారు. కేబులును మూల దగ్గర మడత పెట్టి తిప్పనివ్వకండి. లాగేటప్పుడు వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి కనీసం ఇరవై రెట్లు, బిగించాక పది రెట్లు ఉండాలి.

మీ దగ్గర ఇంకో ముఖ్యమైన సంగతి మిర్చి దుమ్ము. సింగిల్ మోడ్ పోగులో వెలుగు పోయే నడిమి భాగం వ్యాసం సుమారు 9 మైక్రాన్లే. కనెక్టర్ మొన మీద ఒక్క రేణువు కూర్చున్నా సిగ్నల్ పడిపోతుంది. టోపీ తీసిన ప్రతిసారీ ఫైబర్ క్లీనరుతో తుడిచాకే గుచ్చాలి, వేలు తగలకూడదు. ర్యాకు తలుపుకు రబ్బరు అంచు వేయించండి. లైను నడుస్తున్నప్పుడు ఫైబర్ మొనలోకి కంటితో చూడొద్దని కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. ఆ వెలుగు కనబడదు, కన్ను పాడవ్వొచ్చు.

ప్రశ్న:
మాడ్యూళ్లు 40 కిలోమీటర్లవి ఇస్తానంటున్నాడు. ఎక్కువ దూరానివైతే మంచివే కదండీ?

జవాబు:
అస్సలు తీసుకోకండి. ఇంత దగ్గరలో వెలుగు ఎక్కువై రిసీవరు దెబ్బతినొచ్చు. 10 కిలోమీటర్లవి చాలు. బిల్లు చెల్లించే ముందు వాడే కోర్లతో పాటు ఖాళీ కోర్లు కూడా పరీక్షించి ఓటీడీఆర్ (పోగులో ఎక్కడ ఎంత వెలుగు పోతుందో చూపే పరికరం) రిపోర్టు, పవర్ మీటర్ రీడింగు రాసిమ్మనండి. ఇంత చిన్న లైనులో రెండు కనెక్టర్లు, రెండు స్ప్లైసులు (పోగుల అతుకులు) కలిపి వెలుగు నష్టం ఒకటిన్నర డీబీ (డెసిబెల్) లోపే రావాలి. అంతకు మించిన కోరును మళ్లీ శుభ్రం చేయించి, అవసరమైతే స్ప్లైస్ కోసి తిరిగి వేయించండి. కాలువ పూడ్చే ముందు పైపు పోయిన దారి ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకోండి.