గ్రాఫ్ కాగితం ముందా, స్ప్రెడ్‌షీట్ ముందా?

కావలి లెక్కలు
ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు కమ్మీ చిత్రం (బార్), రేఖాచిత్రం (లైన్), సోపాన చిత్రం (హిస్టోగ్రామ్), పై చిత్రం (ముక్కలు చేసిన వృత్తం, పై చార్ట్) నేరుగా ల్యాబ్‌లో ఎక్సెల్ మీదే నేర్పితే చాలంటున్నారు కొందరు. నేను గట్టిగా కాదంటాను. స్కేలు ఎంచుకోవడమే గ్రాఫులో అసలు పని. 1 సెం.మీ.కి 5 రోజులా, 10 రోజులా అన్నది పిల్లవాడే తేల్చుకోవాలి. ఎక్సెల్‌లో ఆ పని వాడికి మిగలదు. పైగా పరీక్షలో ఇచ్చేది గ్రాఫ్ కాగితమే. మీరేమంటారు?

ఒంగోలు ల్యాబ్
ఒప్పుకోను మాస్టారూ. కాగితం మీద పీరియడ్‌కి ఒక్క గ్రాఫు అయితే గొప్ప. అవే అంకెలకు నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి "ఏది నప్పింది, ఎందుకు?" అని అడగాలంటే స్ప్రెడ్‌షీటే దిక్కు. నెల్లూరు నెలవారీ వర్షపాతం తీసుకోండి. కమ్మీ చిత్రంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కమ్మీలు లేచి నిలబడతాయి, ఈశాన్య రుతుపవనాల ఊసు పిల్లలే ఎత్తుతారు. పై చార్ట్‌లో అదే 12 ముక్కలై ఏ నెల ఎంతో పోల్చుకోవడం కష్టం. ఇక ఉష్ణోగ్రతలకు పై చార్ట్ వేస్తే అర్థమే లేదు, 12 నెలల డిగ్రీలు కూడితే వచ్చే మొత్తం దేన్నీ చెప్పదు.

ఇందుకూరుపేట సైన్సు
అసలు చిక్కు లైన్ చార్ట్ దగ్గరుంది. మన పిల్లలకు తెలిసిన రొయ్యల చెరువు పట్టికే చూడండి (అంకెలు పాఠం కోసం వేసుకున్నవి). రొయ్య పిల్లను వదిలాక వల వేసి తూచిన రోజులు: 30, 37, 44, 65, 72. సగటు బరువు గ్రాముల్లో: 3, 4.5, 6, 10.5, 12. అంటే వారానికి 1.5 గ్రాములు, ఎక్కడా తేడా లేదు.

రెండు కాలమ్‌లూ ఎంచుకుని ఇన్సర్ట్‌లో లైన్ నొక్కితే ముందు రెండు గీతలొస్తాయి, రోజుల్ని కూడా కొలతగా పట్టుకుని గీసేస్తుంది. ఎ1 సెల్ (రోజుల కాలమ్ శీర్షిక) ఖాళీగా ఉంచి మళ్లీ వేస్తే రోజులు అడుగుకు దిగుతాయి. కానీ అప్పుడూ తప్పే. లైన్ చార్ట్ ఆ అంకెల్ని పేర్లలాగే చూసి అన్నిటి మధ్యా ఒకే దూరం ఉంచుతుంది. 44కీ 65కీ మధ్య గీత మూడు రెట్లు నిటారుగా లేస్తుంది. చూసినవాళ్లు "మేత మార్చారా?" అనుకుంటారు. స్కాటర్ (రోజుల మధ్య అసలు దూరం ఉంచి చుక్కలు పెట్టే చార్ట్) వేస్తే తిన్నటి గీత.

ఇంకో కాలమ్‌లో =1000/బి2 (బి2 మొదటి బరువు) వేసి కిందికి లాగితే కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో వస్తుంది. 10 గ్రాములకు 100 కౌంట్, 20 గ్రాములకు 50. బరువుకీ కౌంట్‌కీ స్కాటర్ వేస్తే ఈసారి వంపు గీత. విలోమానుపాతానికి ఇంతకంటే మంచి పాఠం మన తీరంలో దొరకదు.

కావలి లెక్కలు
మేడం, మీరు నా మాటే చెప్పారు. కాగితం మీద 44 తర్వాత 21 రోజుల చోటు వదలకుండా ఏ పిల్లా 65 పెట్టదు.

ఒంగోలు ల్యాబ్
పెట్టేవాళ్లూ ఉంటారు సార్, గడికొకటి చొప్పున. తెర మీద రెండు చార్టులూ పక్కపక్కన ఉంటే తప్పు ఇట్టే పట్టుబడుతుంది. ఒకటి మాత్రం ముందే చెప్పాలి: సెల్‌లో "65 రోజులు" అని రాయకూడదు, అది అక్షరాల కింద లెక్క. ఎక్స్ కాలమ్‌లో అలాంటిది ఒక్కటున్నా స్కాటర్ మొత్తం రోజులన్నీ వదిలేసి 1, 2, 3 వేసుకుంటుంది. అంకె సెల్‌లో ఎడమకు అతుక్కుని కనబడితే అనుమానించండి. ప్రమాణం శీర్షికలోనే ఉండాలి.

చీమకుర్తి ట్యూషన్
సోపాన చిత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. తరగతి అంతరం 5-10 అని కొడితే ఎక్సెల్ దాన్ని అక్టోబరు 5గా మార్చేస్తుంది. ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. కాలమ్ చార్ట్ వేశాక కమ్మీల మీద కుడి క్లిక్ చేసి గ్యాప్ విడ్త్ 0 చేయాలి. అంతరాలు సమానంగా లేకపోతే ఈ దారి పనికిరాదు, వెడల్పులు మారవు. అప్పుడు కాగితమే మేలు.

కమ్మీ చిత్రంలో ఇంకో ప్రమాదం ఉంది. ఉత్తీర్ణత 88, 91, 95 శాతం అయితే అక్షం సున్నా నుంచి కాక ఏ ఎనభైల్లోనో మొదలై, 95 కమ్మీ 88కి రెండింతలు పైనే కనబడుతుంది. ఫార్మాట్ యాక్సిస్‌లో మినిమమ్ 0 పెట్టించండి.

కావలి లెక్కలు
సరే, నా షరతు ఒక్కటే. ఇన్సర్ట్ నొక్కేముందు ఏ అక్షం మీద ఏముండాలో, ఏ అంకె నుంచి ఏ అంకె దాకానో పిల్లలు నోటుబుక్కులో రాయాలి.

ఒంగోలు ల్యాబ్
రాయిద్దాం సార్. చేత్తో గీయించేది మాత్రం ఒక్క గ్రాఫే, అది మేడం గారి రొయ్యల పట్టిక. మిగతావన్నీ ల్యాబ్‌లోనే.