రోబోలు ఇంత బాగా పనిచేస్తుంటే మనుషుల్ని పంపడం ఎందుకు?

రాత్రిబడి (ప్రశ్న):
నిన్న మా తమ్ముడితో దీని మీద గంటసేపు వాదన, తేలలేదు. ఆపర్చునిటీ రోవర్‌ని 90 రోజుల పని కోసం పంపితే 2004 నుంచి 2018 దాకా పనిచేసింది, మార్స్ మీద 45 కిలోమీటర్లు తిరిగింది. దానికి తిండి అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా వెనక్కి తేనక్కర్లేదు. మనుషుల సంగతి చూస్తే 1972 డిసెంబర్ తర్వాత చంద్రుడి మీద ఎవరూ దిగలేదు, స్పేస్ షటిల్ ప్రమాదాల్లో ఛాలెంజర్‌లో ఏడుగురు, కొలంబియాలో ఏడుగురు పోయారు. సైన్స్ కోసమే అయితే మనిషి వెళ్లాల్సిన అవసరం నిజంగా ఉందా? "మానవజాతి కల" లాంటి జవాబులు వద్దు, పని గురించి చెప్పండి.

నట్టుబోల్టు:
పని గురించే అడిగారు కాబట్టి ఒక్క పనే తీసుకుందాం: నేలలో బోరు వేయడం. లోపలి నుంచి ఎంత వేడి పైకి వస్తోందో కొలవాలంటే అది తప్పదు.

2018లో మార్స్ మీద దిగిన ఇన్‌సైట్ అనే నాసా ల్యాండర్‌లో 40 సెంటీమీటర్ల మేకు లాంటి పరికరం ఉండేది, పేరు మోల్. తనలోని సుత్తితో తనే కొట్టుకుంటూ 5 మీటర్ల దాకా దిగాలి. అక్కడి మట్టి దానికి పట్టు ఇవ్వలేదు, దెబ్బ పడినప్పుడల్లా గెంతి మళ్లీ అక్కడికే. పాపం ఇంజినీర్లు, మట్టి తీయడానికి పెట్టిన రోబో చేతి గరిటతో దాన్ని పక్కనుంచి అదిమారు, కాస్త దిగింది, 2019 అక్టోబర్‌లో సగం బయటికి వచ్చేసింది. మళ్లీ పైనుంచి నొక్కారు. ప్రతిసారీ ఆదేశాలు పంపడం, ఫోటోలు వచ్చేదాకా కూర్చోవడం, మళ్లీ మీటింగ్. దాదాపు రెండేళ్లు ఇదే తంతు. 2021 జనవరిలో చేతులెత్తేసేసరికి మోల్ తల నేలకి రెండు మూడు సెంటీమీటర్ల కిందికి మాత్రమే వెళ్లింది.

1971లో చంద్రుడి మీద దిగిన అపోలో 15లో వ్యోమగామి డేవ్ స్కాట్ డ్రిల్ పట్టుకుని ఇదే పని చేశాడు. అదీ సాఫీగా ఏం జరగలేదు, 3 మీటర్లు అనుకున్న బోరు ఒకటిన్నర దాటగానే బిగుసుకుంది. కానీ సెన్సర్లు లోపలికి వెళ్లాయి, కొలతలు వచ్చాయి. మట్టి శాంపిల్ కోసం దింపిన 2.4 మీటర్ల గొట్టం ఇరుక్కుపోతే స్కాట్, తోటి వ్యోమగామి ఇర్విన్ ఇద్దరూ డ్రిల్ పిడుల కింద భుజాలు ఆనించి బస్తా లేపినట్టు కొంచెం కొంచెంగా పైకి లాగారు. ఆ "కాస్త అటు పట్టు, ఇటు లాగు" అనేది ప్రోగ్రామ్‌లో ముందే రాసి పంపడం కష్టం.

ముక్కుసూటి:
సగం కథే చెప్పారు సార్, అపోలో 16 సంగతి కూడా చెప్పండి. రాడ్ల డిజైన్ మార్చి తీసుకెళ్లారు, మొదటి బోరు చక్కగా దిగింది, ఈలోగా వ్యోమగామి జాన్ యంగ్ కాలికి సెన్సర్ల కేబుల్ చిక్కుకుని కనెక్టర్ దగ్గర ఊడి వచ్చింది. ప్రయోగం గోవిందా! మనిషికి చేతులతో పాటు కాళ్లు కూడా వెళ్తాయి మరి.

ఇంకోటి, మీరు చెప్పే సాయం చంద్రుడికీ మార్స్‌కీ తప్ప ఎక్కడికీ పనికిరాదు. 460 డిగ్రీలుండే శుక్రుడి మీద ఎవరు దిగుతారు? గురుగ్రహం చందమామ యూరోపా దగ్గర రేడియేషన్‌కి మనిషి ఎన్నాళ్లు ఉంటాడు? 2024లో చైనా రోబో నౌక చాంగే-6 చంద్రుడి అవతలి వైపు నుంచి 1.9 కిలోల మట్టి తెచ్చింది, అక్కడ ఇప్పటిదాకా ఒక్క మనిషీ అడుగు పెట్టలేదు. మోల్ రెండేళ్లు మొండికేసినా ఎవరి ప్రాణం మీదకీ రాలేదు. పైగా మార్స్ మీద జీవం ఆనవాళ్లు వెతకడానికి ఒంటినిండా సూక్ష్మజీవులున్న మనిషిని పంపి, ఆ తర్వాత దొరికింది అక్కడిదా మనదా అని కొట్టుకోవడం ఎందుకు?

రాత్రిబడి:
అపోలో మొత్తం 382 కిలోలు తెచ్చింది కదా, 1.9తో పోలికేంటి అంటాడు మా తమ్ముడు. సరే, అవతలి వైపు పాయింట్ ఒప్పుకున్నాడు.

పానాపట్టకారు:
నేను మెషీన్ల మెయింటెనెన్స్‌లో ఉంటాను. డ్రాయింగ్‌లో లేని చోట బోల్టు అరిగిపోవడం మాకు రోజూ ఉండేదే, అందుకే 2009లో అంతరిక్షంలో జరిగిన హబుల్ టెలిస్కోప్ రిపేరు నాకు భలే ఇష్టం. వ్యోమగామి మైక్ మాసిమినో ఒక పరికరం మూత తీయాలి, దానికి వందకి పైగా చిన్న స్క్రూలు, వాటికి అడ్డంగా ఒక హ్యాండిల్. హ్యాండిల్ బోల్టుల్లో ఒకటి అరిగిపోయి తిరగదు. కింద భూమ్మీద అలాంటిదే ఇంకో హ్యాండిల్‌ని లాగి చూసి, ఊడుతుందని తేల్చుకుని, ముక్కలు ఎగరకుండా టేప్ చుట్టి లాగేయమన్నారు. లాగేశాడు. అయిపోయింది.

కానీ నిజం చెప్పాలంటే హబుల్‌ని మనుషులు రిపేరు చేసేలాగే కట్టారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికి స్పానర్ పట్టుకెళ్లేవాడు లేడని ముందే తెలిసి తయారుచేశారు.

నాకు అర్థమైన చిక్కు ఇది. చంద్రుడికి సిగ్నల్ వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు, 1970లోనే సోవియట్ వాళ్లు చంద్రుడి మీదున్న లునోఖోద్ రోవర్‌ని భూమి మీద కూర్చుని నడిపారు. మార్స్‌కి అయితే ఒకవైపే 3 నుంచి 22 నిమిషాలు. అంటే మనిషిని పంపడం తేలికైన చోట అతని అవసరం తక్కువ, అవసరం ఎక్కువున్న చోటికి పంపడమే గండం. మార్స్ కక్ష్యలో మనుషుల్ని ఉంచి కింద రోవర్లని నడిపించాలనే ఆలోచన ఉంది, ఆలస్యం పోతుంది, సూక్ష్మజీవుల గొడవా తగ్గుతుంది. ప్రయాణంలో రేడియేషన్ మాత్రం అలాగే ఉంటుంది.

ముక్కుసూటి:
కక్ష్య ఐడియాకి నేను ఓకే. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, అపోలో సైన్స్ కోసం మొదలవలేదు, సోవియట్ వాళ్లతో పోటీ కోసం మొదలైంది. చంద్రుడి మీద దిగిన 12 మందిలో జియాలజిస్టు హారిసన్ ష్మిట్ ఒక్కడే, అదీ చివరి ట్రిప్పులో.

నట్టుబోల్టు:
ఆ ఒక్కడే షార్టీ బిలం అంచున బూటుతో కదిపిన మట్టి నారింజ రంగులో ఉందని ఆగి చూశాడు సార్. అది అగ్నిపర్వతం చిమ్మిన గాజు పూసలని తర్వాత తేలింది. కాళ్లు అన్నారుగా ఇందాక!