జర్మనీ డ్యూటీ: హాంబుర్గ్‌లో, మ్యూనిక్‌లో ఏ బీరు అడగాలి, ఎంతలో ఆపాలి?

భీమవరం_సెయిలర్:

అందరికీ నమస్కారమండి. మా షిప్పు హాంబుర్గ్‌లో మూడు రోజులు ఆగుతుంది. అక్కడి నుంచి మాలో కొందరిని మ్యూనిక్ పక్కన నోయ్‌బీబెర్గ్‌లో, జర్మన్ సైన్యం నడిపే యూనివర్సిటీకి పది రోజులు పంపుతున్నారు. తిరుగు ప్రయాణం విమానంలో. సాయంత్రాలు ఖాళీ దొరుకుతాయి కాబట్టి అక్కడి బీరు పద్ధతిగా తాగి చూడాలని ఉంది.

మన వైపు బీరంటే "స్ట్రాంగా, లైటా?" అనడం, ఐసుగడ్డలా ఉన్న 650 సీసా ఎత్తడం. అంతకు మించి నాకు తెలీదండి. ఏ ఊళ్లో ఏమని అడగాలి? పొద్దున్న 6 గంటలకి ఫాలిన్ (వరసలో నిలబడి హాజరు) ఉంటే రాత్రి ఎంతలో ఆపాలి? గొడ్డుమాంసం, దూడమాంసం తినను, మరి స్టఫ్ ఏం దొరుకుతుంది? మిలటరీ మాధవరంలో మా పెదమావయ్య గారు రిటైర్డ్ సుబేదార్. ఆయనకి సీసాలు తేవాలంటే ఎలాగో కూడా చెప్పండి.

(తణుకు_ఎక్స్‌సర్వీస్ గారు చెప్పాక షిప్పు పేరు, తేదీలు తీసేశాను.)

తణుకు_ఎక్స్‌సర్వీస్:

బాబూ, ముందు షిప్పు పేరు, తేదీలు తీసెయ్యి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. అక్కడ బల్ల దగ్గర కూడా ఇదే పాటించాలి. జర్మనీ బీరు హాళ్లలో పొడుగాటి బల్లలుంటాయి, ముక్కూ మొహం తెలియని వాళ్లు పక్కనే కూర్చుంటారు, మాట కలుపుతారు. మంచివాళ్లే. కానీ "ఎప్పుడు బయల్దేరతారు, ఎటు వెళ్తారు" అంటే ఊరి గురించి, గోదావరి గురించి చెప్పు. షిప్పు గురించి వద్దు. యూనిఫాంలో తాగొచ్చా లేదా అన్నది మీ కమాండింగ్ ఆఫీసర్ మాటే, దానికి జర్మనీ చట్టంతో పని లేదు.

పాలకొల్లు_మాల్టు:

తమ్ముడూ, అక్కడ 'స్ట్రాంగ్' అని అడగకు. ఊరిని బట్టి అడగాలి. మనం ఆత్రేయపురం వెళ్లి కాజా అడగం, తాపేశ్వరం వెళ్లి పూతరేకులు అడగం కదా. జర్మనీలో బీరు కూడా అంతే, ఏ ఊరిది ఆ ఊళ్లో, పీపాలోంచి తాజాగా తాగితేనే దాని రుచి.

హాంబుర్గ్‌లో "ఐన్ పిల్స్, ఫొమ్ ఫాస్, బిట్టె" అను. పీపాలోంచి ఒక పిల్స్ ఇవ్వండి అని అర్థం. ఉత్తరాది పిల్స్ పలచగా, పొడిగా ఉంటుంది, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) చేదు గట్టిగా తగులుతుంది. ఆస్ట్రా, హోల్‌స్టెన్, రాట్స్‌హెర్న్ ఆ ఊరి పేర్లు. ఇంకా చేదు కావాలంటే ఉత్తర సముద్రం వైపు ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చే యేవర్. మొదటి గుక్కలో కాకరకాయ గుర్తొస్తుంది, మూడో గుక్కకి నాలుక దారికొస్తుంది. అప్పటిదాకా ఆగాలి. గ్లాసు 0.3 లేదా 0.4 లీటర్లుంటుంది. పొయ్యడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటారు, నురగ దిగే కొద్దీ మళ్లీ పోస్తారు. తొందరపెట్టకు. "మంచి పిల్స్‌కి ఏడు నిమిషాలు" అనే మాట వింటావు గానీ, అంతసేపు పెడితే గ్యాసు పోయి చప్పబడుతుంది.

గ్లాసు మీద సన్నటి గీత, పక్కన 0,3 లేదా 0,5 అని అంకె కనిపిస్తాయి. బీరు ఆ గీత దాకా ఉండాలి, నురగ దానికి పైన. తక్కువైతే మర్యాదగా చూపించి నింపమనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

మ్యూనిక్‌లో వేరే లోకం. అక్కడ "ఐన్ హెల్లెస్". లేత బంగారు రంగు, చేదు తక్కువ, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) తీపి ముందుకొస్తుంది, ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ. సాధారణంగా అర లీటరు ఇస్తారు, పెద్ద బియర్‌గార్టెన్లలో (చెట్ల కింద బల్లలేసిన ఆరుబయట బీరు తోటల్లో) 'మాస్' అనే లీటరు మగ్గు. డుంకెల్ అంటే ముదురు రంగు బీరు, రొట్టె మాడు వాసన వేస్తుంది. రంగు చూసి ఘాటనుకోకు, శాతం హెల్లెస్‌కి దగ్గరే.

1516లో, మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతపు ప్రభువు నాలుగో విల్‌హెల్మ్ ఇంగోల్‌స్టాట్‌లో శాసనం వేయించాడు: బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ కలపకూడదని. పులియబెట్టే ఈస్టు మాట అందులో లేదు. మన వాళ్లకి పరిచయమైన లాగర్లలో బియ్యమో మొక్కజొన్నో కలిసి ఉంటాయి, ఒళ్లు తేలిక. పూర్తిగా మాల్టుతో కాచిన హెల్లెస్ గుక్కకి చిక్కగా ఉండి కడుపు త్వరగా నింపుతుంది.

ఇక వైస్‌బియర్. గోధుమ బీరు, ఆ పాత శాసనానికి మినహాయింపు, మాల్టులో కనీసం సగం గోధుమ. నా లెక్కలో నువ్వు తప్పకుండా తాగాల్సింది ఇదే. అరటిపండు, లవంగం వాసన వస్తుంది. పండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు, ఆ ఈస్టు పులిసేటప్పుడు పుట్టించే వాసనలవి. వడకట్టని రకం కాబట్టి సీసా అడుగున ఈస్టు తెల్లగా పేరుకుని ఉంటుంది, కల్లు ముంత అడుగున దిగినట్టు. సీసా ఇస్తే పోసే పద్ధతి ఇది.

పొడుగు గ్లాసుని చన్నీళ్లతో కడిగి, తుడవకుండా అలాగే ఉంచు. పొడి గ్లాసులో పోస్తే నురగ ఒక్కసారిగా పొంగుతుంది. గ్లాసుని బాగా వంచి, సీసా మూతిని గ్లాసు గోడకి ఆనించి, సన్నటి ధారగా పొయ్యి. నిండే కొద్దీ గ్లాసు నిటారుగా చెయ్యి. సీసాలో రెండు వేళ్ల మందం మిగలగానే ఆగి, సీసాని గుండ్రంగా నాలుగైదు సార్లు తిప్పు. అడుగునున్న ఈస్టు లేచి మజ్జిగ రంగులో కలుస్తుంది. దాన్ని నురగ మధ్యలో వదులు. చాలామంది చేసే తప్పు, సీసాని గ్లాసులో బోర్లించడం. సగం బీరు బల్ల మీదే ఉంటుంది. ఐసు వెయ్యకు. నిమ్మచెక్క కూడా వద్దు, తొక్కలోని నూనె నురగని చంపేస్తుంది. వేపుడు తిన్న చేతుల జిడ్డు గ్లాసు అంచుకి తగిలినా అదే గతి.

చీర్స్‌కి బదులు "ప్రోస్ట్". ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ అనాలి, చూపు తప్పిస్తే అమర్యాద. వైస్‌బియర్ గ్లాసులు పైన పలచన, అడుగు మందం, అందుకని అడుగులు తాకిస్తారు.

బల్ల మీద 'ష్టామ్‌టిష్' అన్న బోర్డుంటే అది రోజూ వచ్చేవాళ్లది, కూర్చోకు.

అమలాపురం_అన్నయ్య:

పాలకొల్లు గారు అన్నీ చెప్పారు, చల్లదనం ఒక్కటి వదిలేశారు. ఐసుగడ్డలా లేదని మనవాళ్లు గ్లాసు వెనక్కి పంపుతారు. పంపకు. పిల్స్, హెల్లెస్, వైస్‌బియర్ 7, 8 డిగ్రీల దగ్గర ఇస్తారు, డొప్పెల్‌బాక్ లాంటి బరువైనవి 10 డిగ్రీలు దాటినా బాగుంటాయి. 2, 3 డిగ్రీల్లో నాలుక మొద్దుబారుతుంది, అంత దూరం వెళ్లి తాగినా మాల్టూ తెలీదు, హాప్సూ తెలీదు.

స్టఫ్ సంగతి. హాంబుర్గ్‌లో లాండుంగ్స్‌బ్రూకెన్ రేవు దగ్గర చేప పెట్టిన బన్ను అమ్ముతారు, ఫిష్‌బ్రోట్షెన్ అంటారు. అందులో మాట్యెస్ అంటే ఉప్పులో మాగేసిన హెర్రింగ్, పొయ్యెక్కించనిది, వెన్నలా మెత్తగా ఉంటుంది. పచ్చిగా తినలేకపోతే వేయించిన చేప బన్ను అడుగు. ఆ చేదు పిల్స్‌కి ఉప్పు చేపకి కుదిరినంత మరోటి కుదరదు.

మ్యూనిక్‌లో జాగ్రత్తగా ఉండాల్సింది వైస్‌వుర్స్ట్ దగ్గర. పొద్దున్న వైస్‌బియర్‌తో తినే తెల్ల సాసేజ్ అది, ప్రధానంగా దూడమాంసం. నీకు పనికిరాదు. ఒబాట్స్‌డా అడుగు: మెత్తటి చీజులో వెన్న, ఉల్లిపాయ, కారప్పొడి రంగున్న పాప్రికా కలిపి నూరింది, బ్రెట్సెల్ అనే ముడి వేసిన రొట్టెకి రాసుకుని తింటారు. రాడి అంటే తెల్ల ముల్లంగి. స్ప్రింగులా కోసి ఉప్పు చల్లి ఇస్తారు, నీరు ఊరాక తినాలి. హెండ్ల్ అంటే సగం కోడి, నిప్పుల మీద తిప్పి కాల్చింది. ష్టెకర్ల్‌ఫిష్ కనిపిస్తే వదలకు, కర్రకి గుచ్చి నిలువునా కాల్చిన చేప, ఎక్కువగా కానాగంతల జాతే.

బియర్‌గార్టెన్‌లో పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ ఉంది. గుడ్డ పరచని బల్లల దగ్గర మన తిండి మనం తెచ్చుకుని తినొచ్చు, బీరు మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. చేగోడీలు, జంతికలు డబ్బాలో పట్టుకెళ్లు. పక్కవాళ్లకి కూడా పెట్టు, జంతికకి హెల్లెస్ బ్రహ్మాండంగా ఉంటుంది. మాంసం, పాల పదార్థాలు మాత్రం ఇండియా నుంచి ఐరోపా సంఘం దేశాల్లోకి తీసుకెళ్లకూడదు.

ఆ చెట్లెందుకున్నాయో కూడా తెలుసుకుని కూర్చో. 16వ శతాబ్దంలో బవేరియాలో సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు కాచనిచ్చేవారు, ఎండల్లో పాడైపోతోందని. వేసవికి కావలసింది నేలమాళిగల్లో దాచి, పైన చల్లగా ఉండాలని చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ నీడలో బల్లలు పడ్డాయి.

తణుకు_ఎక్స్‌సర్వీస్:

ఇక అసలు లెక్క. గ్లాసులు లెక్కపెట్టకు బాబూ, గ్రాములు లెక్కపెట్టు. మిల్లీలీటర్లని శాతంతో గుణించి 100తో భాగించి 0.8తో గుణిస్తే ఆల్కహాల్ గ్రాములొస్తాయి.

హెల్లెస్ అర లీటరు, 5 శాతం: 20 గ్రాములు. పిల్స్ 330, సుమారు 5 శాతం: 13. మాస్ ఒకటి, 5.2 శాతం: 42. అంటే మన 650 సీసా 8 శాతం స్ట్రాంగ్‌తో సమానం. మ్యూనిక్ పండగ అక్టోబర్‌ఫెస్ట్ బీరు 6 శాతం దగ్గర, ఒక మాస్‌కి 48. డొప్పెల్‌బాక్ అర లీటరు 7.5 శాతం: 30. పేరు చివర '-ఆటోర్' అని ఉంటే అది డొప్పెల్‌బాకే అనుకో, తియ్యగా దిగిపోతుంది, మెల్లగా పట్టేస్తుంది.

70 కిలోల మగవాడి ఒళ్లు గంటకి 5 నుంచి 7 గ్రాములే కరిగిస్తుంది. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. రాత్రి 9కి ఒక మాస్ ముగిస్తే 6 నుంచి 8 గంటలు, పొద్దున్న 6 ఫాలిన్‌కి సరిపోతుంది. రెండు మాస్‌లు, అదీ పండగ బీరు అయితే 96 గ్రాములు. 14 గంటల పైమాటే. తెల్లారి నువ్వు నిలబడగలిగినా రక్తంలో ఇంకా ఉంటుంది. డ్యూటీ ముందు రాత్రికి 40 గ్రాముల దగ్గర ఆపేసెయ్యి.

మధ్యలో ఆపాలనుకుంటే మొహమాటం లేదు. బీరూ నిమ్మ సోడా సగం సగం కలిపింది హాంబుర్గ్‌లో ఆల్‌స్టర్‌వాస్సర్, మ్యూనిక్‌లో రాడ్లర్. "ఆల్కొహోల్‌ఫ్రై" అంటే ఆల్కహాల్ తీసేసిన బీరు, 0.5 శాతం దాకా ఉండొచ్చు. గోధుమ రకంలో అది నిజంగా బాగుంటుంది.

బండి నడిపేవాళ్లకి హద్దు రక్తంలో లీటరుకి 0.5 గ్రాములు, అద్దెకిచ్చే ఎలక్ట్రిక్ స్కూటర్లకీ అదే వర్తిస్తుంది. దాని జోలికి అస్సలు పోకు. హాంబుర్గ్ మెట్రోలో, బస్సులో సీసా తెరిస్తే జరిమానా. రేపర్‌బాన్ వీధిలో వారాంతం రాత్రుళ్లు గాజు సీసా చేతిలో పట్టుకుని తిరగడమే నిషేధం.

నోయ్‌బీబెర్గ్‌లో ఎవరైనా "కాసినోకి రా" అంటే కంగారుపడకు. అది ఆఫీసర్ల మెస్సు, జూదశాల కాదు.

భీమవరం_సెయిలర్:

చాలా థాంక్సండి అందరికీ. ఇంక మావయ్య గారి సీసాలు మిగిలాయి. ఆయనకి ఘాటుగా ఉండాలి. హెల్లెస్ తేనా, పిల్స్ తేనా? మగ్గులకి డిపాజిట్ అంటున్నారు, అదేంటండి?

పాలకొల్లు_మాల్టు:

రెండూ వద్దు. పిల్స్‌కి, హెల్లెస్‌కి ప్రాణం తాజాదనం. వేడికి హాప్స్ వాసన పోయి తడి అట్టముక్క వాసనొస్తుంది, వెలుతురు తగిలితే ఇంకో పాడు కంపు పుడుతుంది. ఆకుపచ్చ సీసా వెలుతురుని అంతగా ఆపదు, గోధుమరంగుదే తీసుకో. మావయ్య గారికి డొప్పెల్‌బాక్ తీసుకెళ్లు, మాల్టు ఎక్కువ కాబట్టి ప్రయాణాన్ని తట్టుకుంటుంది. దొరికితే బాంబెర్గ్ రౌఖ్‌బియర్ ఒకటి. బీచ్ కర్రల పొగ మీద మాల్టు ఆరబెట్టి చేస్తారు, పొగబెట్టిన చేప వాసన. మొదటి గుక్కకి మొహం చిట్లిస్తారు, ముందే చెప్పు.

ఇండియాలోకి మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. అంటే అర లీటరువి నాలుగు. ఒక్కోటి నిండు సీసా 900 గ్రాముల దాకా తూగుతుంది, బ్యాగేజీ బరువులో అది లెక్కేసుకో. 24 శాతం లోపు ఉన్నవాటికి విమానంలో ఇంతే అని పరిమితి లేదు గానీ చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. ఒక్కో సీసాకి మేజోడు తొడుగు, పైన ప్లాస్టిక్ కవరు ముడి, మళ్లీ లుంగీ చుట్టి పెట్టె నడిమధ్యలో పెట్టు. అంచుకి తగలకూడదు, సీసాకి సీసా తగలకూడదు. తీగ మూత ఉన్న సీసాలు అందంగా ఉంటాయి, దెబ్బ తగిలితే రబ్బరు చుట్టు జరిగి కారతాయి, మామూలు క్రౌన్ మూతే మేలు. మన రాష్ట్ర ఎక్సైజ్ నిబంధన వేరు, అది ముందే కనుక్కుని బిల్లు దగ్గరుంచుకో. ఇంటికొచ్చాక ఫ్రిజ్ లోపలి అరలో నిలబెట్టు, తలుపు అరలో వద్దు. మాధవరం ఎండలో ఒక్క పూట ఆటోలో ఉంచినా అంతదూరం మోసుకొచ్చింది వృథా.

డిపాజిట్ అంటే 'ప్ఫాండ్'. మామూలు బీరు సీసాకి 8 సెంట్లు, తీగ మూత సీసాకి 15, క్యానుకి 25. సూపర్ మార్కెట్‌లో యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, కౌంటర్‌లో ఇచ్చి డబ్బు తీసుకో. బియర్‌గార్టెన్‌లో మగ్గుకి కూడా తీసుకుంటారు, టోకెన్ ఇస్తే పోగొట్టుకోకు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, సీసాలు శనివారమే కొనుక్కో.

అమలాపురం_అన్నయ్య:

బిల్లు కట్టేటప్పుడు "త్సాలెన్, బిట్టె". కలిపా విడివిడిగానా అని అడుగుతారు, విడిగా అయితే "గెట్రెన్ట్" అనాలి. 18.40 అయితే "ట్స్వాన్సిష్" అని 20 చేతికిస్తే టిప్పు అందులోనే సర్దుకుంటుంది. చిన్న చోట్ల కార్డు తీసుకోకపోవచ్చు, యాభై యూరోలు చిల్లరగా జేబులో ఉంచు.