పోర్చుగీసులో "పని ఎంతవరకు వచ్చిందండీ?" అని ఎలా అడగాలి?

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో పనిచేస్తాను. కొత్తగా బ్రెజిల్ పార్టీ ఒకటి తగిలింది. ఆయన ఫోన్ ఎత్తగానే "అవ్గుమా నోవిదాజీ?" అంటారు, అంటే కొత్త కబురేమైనా ఉందా అని. "క్వాజి ప్రోంతు", దాదాపు రెడీ అని చెప్పడం నేర్చుకున్నాను. ఆయన వైపు కాగితాల పని ఎక్కడిదాకా వచ్చిందో నేను అడగాల్సి వస్తేనే టెన్షన్. "కోము ఎస్తా ఇందు?", ఎలా సాగుతోంది అనొచ్చని తెలుసు. పోర్చుగల్‌లో అయితే మాట వేరేగా ఉంటుందట, నాకు బ్రెజిల్ వాడుకే కావాలి.

ఆయన నాకంటే చాలా పెద్దవారు. మనం "అండీ" చేర్చి మెత్తగా అడుగుతాం కదా, అక్కడ పెద్దవాళ్లను "మీరు" అన్నట్టు పిలిచే "ఉ సెన్యోర్" వాడితే ఆ మర్యాద వస్తుందా? రోజూ అడిగితే తొందరపెట్టినట్టు అనుకుంటారా? తెలిసినవాళ్లు రెండు మూడు వాక్యాలు, పలికే తీరులో తెలుగులోనే రాసి పెట్టండి, ప్లీజ్.